గోళ్లరంగు గీత

కొప్పెరలో పాకం ఉడుకుతుంటే
పక్కన నిలబడి చూసేవాడు మా నాయన చెంగల్రాయుడు.
చూసేదేముంది, వినేవాడు.
బుడగ పగిలే చప్పుడు మారగానే
చన్నీళ్ల పళ్లెంలో ఒక చుక్క వేసి
రెండు వేళ్లతో ఉండ కట్టి
"దించండ్రా" అనేవాడు.
బంగారుపాళ్యం చుట్టుపక్కల ఏ గానుగ దగ్గరైనా
ఆ మాటకి తిరుగు లేదు.
డిగ్రీలు ఆయనకి తెలియవు.
ఆయన వేళ్లకి తెలుసు.

ఇప్పుడాయనకి చక్కెర.
బెల్లం వండినోడికి చక్కెర జబ్బా అని ఊళ్లో నవ్వుతారు.
వాళ్లకంటే ముందు ఆయనే నవ్వుతాడు.
అది పాదాల దగ్గర మొదలుపెట్టి
ఒక్కొక్క వేలికీ దీపం ఆర్పుకుంటూ పైకొచ్చింది.
చెప్పు జారిపోతే తెలియదు.
ముల్లు దిగితే
రాత్రి నేను గుడ్డతో తుడిచేటప్పుడు తెలుస్తుంది,
నాకు.

పోయిన ధనుర్మాసం, గిరింపేట ఇంట్లో,
గీజరు నీళ్లు బకెట్లో పట్టుకోని
కాళ్లు పెట్టి కూర్చున్నాడు పేపరు చదువుతా.
హాయిగా ఉందా నాయనా అంటే
"ఏం హాయి పాపా, చన్నీళ్ల మాదిరే ఉండాయి" అన్నాడు.
బకెట్లో పడిన గుడ్డ తీద్దామని చెయ్యి పెట్టి
అరిచినాను.
ఆయన ఉలిక్కిపడింది నా అరుపుకి,
నీళ్లకి కాదు.

పెద్దాసుపత్రిలో పద్దెనిమిది రోజులు.
పాదాల మీద తోలు, ఉడికిన శనక్కాయ పొట్టు మాదిరి...
వద్దులే, ఆ పోలిక పూర్తి చెయ్యను.
కట్టు కట్టే కస్తూరి సిస్టరు
తలెత్తకుండానే అడిగింది,
"మీ గీజరు ఎంత మీద పెట్టుకున్నారమ్మా?"

నేను పాల డెయిరీలో పని చేస్తాను.
ట్యాంకరు వస్తే మూత తీసి, తర్మామీటరు ముంచి, రాస్తాను.
నాలుగుంటే సరే, ఏడుంటే గొడవ.
పదకొండేళ్లుగా పాలకి జ్వరం చూస్తున్నదాన్ని
నా స్నానాల గదిలో గోడకి వేలాడే డబ్బాని
ఒక్కరోజూ అడిగింది లేదు.
డెబ్బై అయిదు.
అమ్మిన రోజున ఎక్కడుందో అక్కడే.

మెకానిక్కు మస్తాను మూత విప్పి
"అందరూ ఇంకా కాగాలంటారు,
తగ్గించమన్నది మీరేనక్కా" అన్నాడు.
కుళాయి కింద తర్మామీటరు పెట్టి
ఇంకొంచెం, ఇంకొంచెం అని
నలభై అయిదు దగ్గర ఆపించినాను.
అక్కడ నా ఎర్ర గోళ్లరంగుతో ఒక గీత పెట్టినాను.
గోరువెచ్చ అనే మాట ఎట్ల పుట్టిందో ఏమో,
మా ఇంట్లో ఇట్ల పుట్టింది.

మొదటి రోజు మా ఆయన గొణిగినాడు
నీళ్లు కాగలేదే అని.
కాగాల్సింది కాఫీ, మనిషి కాదన్నాను.

ఇప్పుడు బకెట్లో ముందు చన్నీళ్లు,
ఆపైన వేడివి.
నాయన కాళ్లు పెట్టకముందే
రెండు వేళ్లు ముంచి కళ్లు మూసుకుంటాడు,
ఏదో వింటున్నట్టు.
నా దగ్గర అంకెలు నేర్చుకున్నాడు.
"ముప్పై ఎనిమిది" అంటాడు,
కళ్లు తెరిచి నా మొహం చూస్తాడు.

కొంగు చాటున తర్మామీటరు చూస్తాను.
నలభై రెండు.

"సరిగ్గా చెప్పినావు నాయనా" అని
ఇంకో చెంబు చన్నీళ్లు పోస్తాను.