చేప ఏ పక్క చూస్తోంది

ఆ వారం నార్పల సంతలో
ఉల్లిగడ్డల కుప్పకూ చెప్పుల పట్టాకూ మధ్య
నన్ను సాక్షిగా నిలబెట్టినారు.
చీనీ అంట్లు కట్టేవాణ్ని.
ముప్పై ఏండ్లుగా జంబేరి మొక్కల ముందు
గొంతుక్కూర్చునే బతుకు.
చాకు సంగతి నన్నడక్క ఇంకెవర్నడుగుతారు?

వన్నూరాచారి మడత చాకు మీకు తెలుసు గదా.
లారీ కమాను పట్టీతో అలుగు, ఎనుము కొమ్ము పిడి,
తోక కాడ బెరడు లేపేదానికి ఎముక నాలిక.
మూస్తే టక్ మని ఒకటే మాట,
రెండో మాట లేని మనిషి మాదిరి.
అలుగు మొదట్లో గోరంత చేప, ఎడమకు తిరిగి.
మూడొందల యాభై. బేరం లేదు.
"ఇష్టముంటే తీసుకో, లేదంటే
పండ్లతో కొరుక్కో కన్ను" అంటాడు తలెత్తకుండా.

ఇమాంకాశీం ఆయన కొలిమిలో తిత్తి ఊదినోడే,
పదకొండేండ్లు.
తాడిపత్రి రోడ్డులో రేకుల షెడ్డు వేసినాడు.
అదే అలుగు, అదే కొమ్ము, అదే నాలిక. టక్ కూడా అదే.
చేపా అదే,
కాకుంటే కుడి పక్క చూస్తది.
నూట అరవై.

"నా చేపను తిప్పి అమ్ముకుంటావేరా?"
"చేపకు నీళ్లు నువ్వు పోసినావా ఆచారీ?"
మిరపకాయలమ్మే ముసిలామె
తక్కెడ గాల్లోనే ఆపి విన్నది.

"కండ్లు మూసుకోని చెప్పమను,
ఆయప్ప చేతికి తెలీదా?" అన్నారెవరో.
తుండుగుడ్డ కట్టినారు.
చేతికొక చాకు పెట్టినారు.
తెరిచినా. మూసినా. వాదర మీద బొటనవేలు నడిపినా.
ఎముకను పెదవికి ఆనించి చల్లదనం చూసినా.
"ఎడమ చేతిది ఆచారిది" అన్నా,
ఎంత గట్టిగా అన్నానంటే
నా గొంతు నాకే పెద్దమనిషి గొంతులా వినపడింది.

గుడ్డ విప్పినారు.
ఎడమ చేతిలో చేప
కుడి పక్క చూస్తా ఉంది.

నవ్వు. తర్వాత నవ్వు కూడా లేదు.
ఆచారి ఆ చాకు తీసుకొని ఎండకు పట్టినాడు.
అలుగును గోటితో మీటి చెవి కాడ పెట్టుకున్నాడు.
"నీళ్లు బాగా పట్టించినాడు" అన్నాడు,
ఎవరితోనూ కాదు.
"రూపం తీసుకుంటే తీసుకున్నాడు లే,
మా మామ కాడ నేనూ తీసుకున్నా.
రేపు స్ప్రింగు విరిగితే
జనం తిట్టేదానికి ఎవుని కొలిమికి వస్తారబ్బీ?
చేపను చూసి నా కాడికే గదా."

ఇమాంకాశీం ఏదో అనబోయి
బీడీ ముట్టించుకున్నాడు.
మూణ్ణెల్లకు వాని చాకులు ముద్ర లేకుండా
బోసిగా వచ్చినాయి సంతకు.
ధర మాత్రం ఇరవై పెరిగింది.

వాళ్ల కథ అంతటితో సరి.
ఊరు పట్టుకున్నది నన్ను.
దుడ్లు తిన్యాడన్నారు కొందరు.
చెయ్యి పోయిందన్నారు కొందరు, అదే ఎక్కువ కుట్టింది.
ఆ ఏడు నాలుగు తోటలు పోయినాయి నాకు.
రెండు కొలుములూ నా చాకుకు పదును పెట్టవు.
బోరు కాడి బండ మీద నేనే నూరుకుంటా,
జేబులో ఉండేది ఎవరి చాకో
ఎవరికీ చెప్పను.

సాత్‌గుడి కొమ్మ నుంచి కన్ను కోస్తా.
జంబేరి బెరడు లేపి లోపలికి జార్చి
ప్లాస్టిక్ పట్టీ చుడతా.
కొన్నాళ్లకు ఆ కన్ను పచ్చగా తెరుచుకుంటది,
తల్లి చెట్టుకు అచ్చు నకలు.
దాన్ని దొంగ అన్నోడు లేడు.
అయినా మొక్క కొనేటోడు మొదట అడిగేది అదే:
ఏ తోట కన్ను? ఎవరి చేతి అంటు?

నా పేరు చెప్తా.
ఈ మధ్య, చెప్పే ముందు
ఒక్క గుటక మింగుతున్నా.