చుట్టబట్ట

సికింద్రాబాద్ వేలంల కొన్న బండి,
క్రేను కొక్కేనికి ఏలాడుకుంట వచ్చింది
జడ్చర్ల బైపాసు పక్క నా రేకుల షెడ్డుకు.
సిపాయిల బండి. ముందు క్యాబిన్ ఉంది,
వెనుక ఏమీ లేదు,
రెండు పొడుగు ఇనుప దూలాలు, నడుమ నుంచి కనపడే నేల.

గీకితే ఆకుపచ్చ. దాని కింద ఇసుక రంగు.
దాని కింద మళ్లీ ఆకుపచ్చ.
ఎడమ దూలం లోపలి దిక్కు ఎవరో మేకుతో గీసిన గీతలు,
నలభై ఒకటి.
సెలవుకు రోజులు లెక్కపెట్టుకున్నడో,
పంక్చర్లు లెక్కపెట్టుకున్నడో.
గ్రైండర్ ఆడికి ఆపేసిన.

కొన్నది మొగులమ్మ.
మేస్త్రి మొగులమ్మ, కోయిలకొండ దిక్కు మనిషి.
నలభై ఏండ్లు మట్టి మోసింది.
కాలువలు, కట్టలు, పేర్లు నోరు తిరగని ఊర్లు.
పని ఏడుంటే ఆడ నాలుగు కట్టెలు, ఒక నీలం కవరు.
"అర్ర కావాలె" అన్నది.
"నా ఎంట వచ్చే అర్ర."
ఎంత పెద్దదంటే
షెడ్డు నేల మీద ఎల్లెలకల పండుకుంది,
చేతులు చాపింది.
"గింత. ఇంకో మనిషికి గింత."
సుద్దముక్కతో చుట్టూ గీసుకున్న.
ఇంకో మనిషి ఎవరని అడగలే.

పెట్టెకు ఇరవై రోజులు పట్టింది.
చదరపు పైపులు, మీద రేకు, లోపల థర్మాకోల్,
పండుకుంటే మొఖం కాడికొచ్చే కిటికీ,
గోడకు మడిచే పొయ్యిబల్ల.
పన్నెండు బోల్టులేసి చాసిస్‌కు బిగించిన.
పానాకు పైపు తొడిగి, ఇంకో చుట్టు.
భూకంపమొచ్చినా కదలదని
మా జంగయ్యతోని చాయ్ పందెం కాసిన.

దుందుభి వాగుల నీళ్లు లేవు.
ఇసుకల దింపి, ముందు ఎడమ చక్రం బండ మీదికెక్కించిన.
బండి ఒళ్లు విరుచుకుంది.
అది దాని గుణం.
గుంతల్ల మెలిక పడాలె, చక్రం నేలను విడవొద్దు,
అట్లనే పుట్టించిన్రు దాన్ని.
పెట్టెకు ఆ గుణం లేదు.
టప్. ఇంకోటి టప్.
తలుపు మూల నుంచి కిటికీ మూల దాక
చలికాలం పెదవి పగిలినట్టు.

మందం రేకు వేద్దామన్నడు జంగయ్య.
ఇంకో ఎనిమిది బోల్టులన్న నేను.

మొగులమ్మ చీలికల వేలు పెట్టి చూసింది.
తిట్టలే.
భుజం మీది తువ్వాల తీసింది,
మెలిపెట్టింది, గుండ్రంగ చుట్టింది, నెత్తిన పెట్టుకుంది,
వాగుల రాయొకటి ఎత్తి దాని మీద పెట్టి
నడిచింది, ఎత్తుపల్లాలల్ల.
కాళ్లొక దిక్కు, నడుమొక దిక్కు, మెడొక దిక్కు.
రాయి ఉన్నకాడనే ఉంది.
"తట్టను నెత్తికి మేకులు కొట్టి బిగిస్తరా, బిడ్డా?"

పన్నెండు బోల్టులు విప్పిన.
బిగించినప్పటి కంటే ఎక్కువ చెమట పట్టింది.
వెనుక మాత్రం గట్టిగ పట్టు.
ముందు స్ప్రింగులు, నడుమ టేకు చెక్క.
దూలం మెలిక పడితే
పెట్టె వేలెడు లేస్తది, మళ్లీ కూసుంటది.
అదే వాగు, అదే బండ.
లోపల బల్ల మీద నిండు చాయ్ గ్లాసు.
ఒలికింది, కొంచెం.
"కొంచెం ఒలకాలె" అన్నది.

ఆ రాత్రి షెడ్డులనే, పెట్టెల పండుకుంది.
తెల్లారి ఎట్లుందని అడిగిన.
"నిద్ర రాలే. చప్పుడు లేదు."
నెత్తి మీద కవరు పటపటమంటేనే
ఆమెకు రాత్రయినట్టట.
నేను నవ్విన. ఆమె నవ్వలే.
మూలకు పడ్డ నీలం టార్పాలిన్ల మూరెడు కోసి
కిటికీ మీద రెండు రివిట్లు కొట్టిన,
రెండే, కింది అంచు వదిలిపెట్టి.

ఇంకో మనిషి జాగల
పారలు, తట్టలు సదిరింది.
అక్క కొడుకు బండి తీసిండు భూత్పూర్ దిక్కు.
రోడ్డు గుంతకాడ దూలం మెలిక పడ్డది,
పెట్టె పడలే.
గేర్ల మోత లారీలల్ల కలిసిపోయినంక
ఆ నీలం ముక్క ఇంక కొంచెంసేపు
ఇనపడ్డది నాకు.
జంగయ్యకు ఇనపడలేదట.
చాయ్ పైసలు మాత్రం అడిగిండు.