ఐసు గునపం

స్టేషనుకి ఎదురుగా టీకొట్టు పెట్టుకున్నవాడికి
రెండు పనులుంటాయి.
గంటగంటకీ ఆరు గ్లాసులు లోపలికి పంపడం,
పిలిచినప్పుడు వెళ్లి సంతకం పెట్టడం.
మొదటిదానికి నెలాఖర్న సగం డబ్బులొస్తాయి.
రెండోదానికి కొట్టు ఉంటుంది.

ఇదివరకూ పెట్టాను.
గంజాయి పొట్లం దొరికిందన్న కుర్రాడు
ఆ పొట్లంకేసి నాకంటే వింతగా చూశాడు.
అప్పుడూ పెట్టాను.

ఆ రోజు రైటరు కాగితం నావైపు తిప్పాడు.
స్టేషన్లో రాసేవాణ్ణి రైటరనే అంటారు,
ముత్యాల్లాంటి దస్తూరి, ఒక్క కొట్టివేత ఉండదు.
"ఉదయం అయిదు గంటలకు, పాత పోస్టాఫీసు మలుపులో,
మా సమక్షమున, పారిపోవుచుండగా,
సూరాడ ఎల్లాజీ అను ముద్దాయి వద్ద
పదునుగల ఇనుప మారణాయుధం ఒకటి..."

అయిదు గంటలకి నేను పాలపేకెట్లు కత్తిరిస్తున్నాను.

మారణాయుధం బల్లమీదే ఉంది.
పిడికి చుట్టిన నీలం వలతాడు నాకు తెలుసు.
దాన్ని చంకలో పెట్టుకునే రోజూ
నా దగ్గర టీ తాగుతాడు ఎల్లాజీ.
హార్బర్లో బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి ఐసు దిమ్మలు పొడుస్తాడు.
చొక్కా మీద కరిగిన చలి,
చేతులకి కోనాం వాసన.

ఎవరిదో బంగారం కొట్టు, ఎవరో పగలగొట్టారు,
పైనుంచి ఎవరో వారంలోగా అన్నారు.
వారం ఆ రోజుతో అయిపోతుంది.
అంతే. ఎల్లాజీ సైకిలు ఆ వీధిలోంచి వచ్చింది.

గోడ అవతల్నించి
"నానేటి సేసినాను బావూ" అని ఒక గొంతు.
కాసేపటికి అదే మాట, చివర బావూ లేకుండా.
ఆ తర్వాత మాట లేకుండా.
ఎవరో ఫ్యాను పెంచారు.
కాగితం ఎగిరిపోకుండా దానిమీద
నేను తెచ్చిన టీ గ్లాసే పెట్టాడు రైటరు.
"ఇక్కడ" అని వేలు చూపించాడు.

నా పేరు నాలుగక్షరాలు.
రాయడానికి ఎంతసేపు.

వాళ్లావిడ కాసులమ్మ మూడ్రోజులు
నా కొట్టు బల్లమీదే కూర్చుంది.
చంటిదానికి వేన్నీళ్లు అడిగేది.
ఊరికే పుచ్చుకునేది కాదు,
పొలుసు అంటుకున్న రూపాయి బిళ్లలు ఇచ్చేది.
"నువ్వు లోపలికెళ్తావు గదన్నా, తిన్నాడేటి?"
తిన్నాడన్నాను.
మూడ్రోజులూ తిన్నాడనే అన్నాను.

పద్నాలుగు నెలలు అడవివరం జైల్లో.
ఈలోగా తుపానొచ్చి నా కొట్టు రేకు ఎగరగొట్టింది,
రైటరు మధురవాడలో ఇల్లు కట్టుకున్నాడు,
చంటిది నడిచింది.

కోర్టులో అడిగారు, ఈ సంతకం మీదేనా?
నాదే.
మీరు చూశారా?
గుర్తులేదండి.
అబద్ధాల్లోకెల్లా చవకది అదే,
నిజం దాకా నడవక్కర్లేదు.
కేసు కొట్టేశారు.
మెట్ల దగ్గర కాసులమ్మ వంగి
నా కాళ్లకి దణ్ణం పెట్టబోయింది.
కాళ్లు ఎక్కడ దాచుకోవాలో తెలీలేదు.

నిన్న తెల్లారగట్ల వచ్చాడు ఎల్లాజీ.
గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు.
కుడిచేతి వేళ్లు ఇప్పుడు మడత పడవు.
డాల్ఫిన్ కొండమీద దీపం ఒక చుట్టు తిరిగింది,
ఇంకో చుట్టు తిరిగింది.

"గునపం కోర్టులోనే ఉండిపోనాది బావూ.
అది మంది కాదు, సావుకారిది.
కూలీలో కోసుకుంటన్నాడు."

ఆ వేళ్లతో ఎలా పొడుస్తావని నేను అడగలేదు.

"అడిగితే ఇచ్చెత్తారంట.
అది ఐసు పొడిసీదేనని
ఎరిగినోలు ఎవులో ఒకలు
సంతకం ఎట్టాలంట."

మడత విప్పి కాగితం బల్లమీద పరిచాడు.
సముద్రం గాలికి ఎగిరిపోకుండా
తన టీ గ్లాసు దానిమీద పెట్టాడు.