ఎవరి ఊపిరి

కిందకి చూడొద్దంది హెలెద్.
కెమెరా పని కిందకి చూడటమే.

నేర్చుకుని మూడు వారాలు. నడుముకి తాడు,
మెడలో కెమెరా, వేల్స్ తీరపు కొండచరియకి
ఉతికి ఆరేసిన చొక్కాలా ఊగుతున్నాను.
అద్దం మీద ఉప్పు. తుడిస్తే ఇంకా ఉప్పు.

సుద్ద పూసిన ఆమె వేళ్ళు
రాతి పగుల్లో తాళంచెవిలా దూరి తిరిగాయి.
కింద సముద్రం తలుపు బాదుతోంది.
ఒక్కసారి కాలు జారింది, నాదే.
ఫ్రేములోకి ఆకాశం, ఒక నీటికాకి, నా బూటు.

రాత్రి వాళ్ళ వంటింట్లో వేసి చూశాం.
గాలే లేనట్టు, నిదానంగా, ఆమె పైకి పాకుతోంది.
టీ కలుపుతూ అవ్వ టెగ్వెన్ అడిగింది:
"ఎవరే అది, అంతలా రొప్పుతున్నది?"

హెలెద్ నా వైపు చూడకుండా
సౌండ్ పెంచింది.