రాగి పోయే తొవ్వ

చండూరు దాటినంక బస్సు దిగి
రెండు మైళ్ళు నడిస్తే బీసమ్మ ఇల్లు.
సంచిల ఇరవై సీసాలు, మూతల మీద నంబర్లు.
నా కొలువు ఇదే, ఉచ్చలు జమచేసుడు.
మనుషులయి, బర్రెలయి.
పోరగాండ్లు నవ్వుతరు. నాకు అలవాటైంది.

బర్రె తోక కింద నిమిరితే
ఆగి ఆగి పోస్తది.
దాని పండ్లు చూసిన: సున్నం రాలిన గోడ,
నడుమ గోధుమరంగు గీతలు.
బీసమ్మ కొడుకు మల్సూరు నవ్వితే గవే గీతలు.
ఒక్క బోరు. ఒక్క తొట్టి.

మల్సూరుకు పదకొండేండ్లు.
మోకాళ్ళు రెండూ ఒరుసుకుంటయి,
పాదాలు మాత్రం పగోళ్ళ లెక్క దూరం దూరం.
"నీళ్ళే గద సారూ?" అంటది బీసమ్మ.
నీళ్ళే. కానీ ఒక్క నీళ్ళే గాదు.

ఎట్ల చెప్పాలె.
ఫ్లోరైడు సున్నాన్ని చూస్తే ఇడువది,
కావలిచ్చుకొని ఎముకలనే ఇల్లు గట్టుకుంటది.
ఇంకోటి ఉంటది, మాలిబ్డినం,
నోరు తిరగని పేరు, ఆవగింజల వెయ్యోవంతు.
చెల్క జొన్నల దాగి వస్తది,
రాగిని పట్టి ఉచ్చలకు నూకుతది.
బర్రె కడుపులైతే గంధకం తోడైతది,
ముగ్గురూ ముడివడి పేడల పోతరు.
నల్ల బర్రె ఎర్రబడ్తది,
కండ్ల చుట్టు తెల్లటి అద్దాలు పెట్టుకున్నట్టు.
రాగి లేని ఎముక
పచ్చి వెదురు, ఎటు బరువైతే అటు.

ఇవన్నీ కాగితం మీద బాణం గుర్తులు.
ఆమె ముందట నోట్లకెళ్ళి రాలే.
"పిలగాని ఒంట్ల రాగి నిలుస్తలేదు" అన్న, గంతే.

బీసమ్మ ఇంట్లకు చూసింది.
పొయ్యి పక్కన గుండ్రటి మసి మరక.
"రాగి కాగు ఉండె సారూ, మా అత్తది.
ఎక్సురే తీపియ్యనీకి నల్గొండల తూకానికేసిన.
గది ఉంటే నిలుస్తుండెనా?"

కాగు రాగి వేరు, కండల రాగి వేరు.
అనాలె.
అనలే.

చింతపులుసు పోసింది గిన్నెల,
"తాగు, పులుపు మంచిదంటరు."
మంచిదే. పులుపు తిన్నోళ్ళ ఉచ్చల
ఫ్లోరైడు జర ఎక్కువ పోతదని మా కాడ లెక్క ఉన్నది.
ఏది పోవాల్నో ఏది ఉండాల్నో
ఒంటికి ఎవరు చెప్తరు?

మల్సూరు సీసా తెచ్చిండు, ఇంకా ఎచ్చగనే ఉంది.
పదిహేడో నంబరు.
"మూత గట్టిగ పెట్టిన సారూ,
ఒక్క సుక్క గూడ పోలే."