వందకో కాయ

లాగ్ పుస్తకంలో నా చేత్తో నేనే రాశాను:
"ఫోను, రాత్రి రెండుంబావు.
మొగలిలంక. తాటాకిళ్ళు మూడు.
బండి కదిలింది రెండున్నర."
మధ్యలో పావుగంట ఎక్కడ పోయిందని
ఎవరూ అడగలేదు.
అడిగితే చెబుదును,
బ్యాటరీ దిగిపోయిందనీ
నేనూ, హోంగార్డు ఇస్రాయేలూ,
టీ కొట్టు బల్లల మీద పడుకున్న ఇద్దరు లారీ క్లీనర్లూ
కలిసి తోశామనీ.

ఫైరింజన్ని మనుషులు తోస్తుంటే
ఎప్పుడైనా చూశారా?
తీర్థంలో ఆగిపోయిన రథంలా ఉంటుంది.
దేవుడు లోపలే ఉంటాడు,
కదలడు.

బంకులో సత్తిరాజు గారు నిద్రకళ్ళతోనే
అరువు పుస్తకం తీశారు.
మా పేరు మీద ఆరు పేజీలు.
కసురుకుంటే బాగుండును.
"ఇరవై లీటర్లు కొట్టించుకోండి, తర్వాత చూద్దాం"
అన్నారు,
చావింటికి కుర్చీలు పంపేవాడి గొంతుతో.

ఏటిగట్టు మీద ఒక్కటే హెడ్‌లైటు.
రెండోది ఇండెంటులో ఉంది, నిరుటినుంచీ.
రేవుకి చేరేసరికి పంటు అవతలి ఒడ్డున.
ఇవతల మేం
నాలుగువేల అయిదొందల లీటర్ల నీళ్ళతో.
మధ్యలో గోదారి,
ఎన్ని లీటర్లో ఏ రిజిస్టరులోనూ లేనిది.
అవతల ఎర్రగా.

కొబ్బరి మొవ్వు కాలితే ఒక వాసనొస్తుంది.
తియ్యటి వాసన.
ఆ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

పంటు వచ్చి, బండెక్కి, దిగి,
ఇసకలో చక్రం కూరుకుపోయి
మేం వెళ్ళేసరికి
ఆడవాళ్ళు బిందెలతో ఆర్పేశారు.
బొంతు నాగరత్నం అనే ముసలామె
మసి చేతుల్తో మాకు మంచినీళ్ళిచ్చింది.
ఆర్పడానికెళ్ళినవాళ్ళం
తాగి వచ్చాం.

నష్టం అంచనా రాయాలి, రూలు.
"ఏం పోయిందమ్మా?"
"మంచం, కుట్టుమిషను, మనవరాలి పుస్తకాలు,
మేకలు రెండు."
కాసేపాగి,
"విప్పడానికే వెళ్ళానండి.
ముడి బిగుసుకుపోయింది."
ఆ ముడికి ఎంతని రాయను?

మా ఉత్తరానికి జవాబు వచ్చింది:
"నిధులు లేనందున
ఉన్న వనరులతోనే సర్దుకొనవలెను."
సర్దుకోవడం మాకు కొత్తా!
గొట్టం చిరిగితే సైకిలు ట్యూబు ముక్క.
హెల్మెట్లు మూడు, మనుషులం నలుగురం.
నాలుగోవాడికి తడితుండు.

దింపు తీసిన మర్నాడు
లంకనుంచి పడవలో గోతాలొచ్చాయి.
వెనకే వాసంశెట్టి ధర్మారావు, చెవిలో పెన్సిలు.
"వందకో కాయ బండికని
తీర్మానం చేసుకున్నామండి ఆయ్.
నాగరత్నం గారివి రెండే చెట్లు,
ఆవిడ వందదాకా ఆగలేదు.
ఇదిగో, ఈ ఒక్కటీ ఆవిడది."

లెక్కపెట్టాం. రెండొందల పన్నెండు.
ఇవాళ్టి రేటుకి, బ్యాటరీలో పావువంతు.
"పన్ను కట్టేవాళ్ళే కదా,
మళ్ళీ ఇదెందుకు కట్టాలి?"
అన్నాడు ఇస్రాయేలు, గోతం వైపు తిరిగి.
గోతం ఏం చెబుతుంది.

అమ్మేలోపే ఆడిట్ దిగింది.
కుర్రాడు, మంచివాడే.
"ఈ కాయలు ఏ పద్దు కిందండీ?"
"పద్దు లేదండి."
"అయితే కాయలూ లేవు" అని
పెన్ను మూత పెట్టేశాడు.

లేని కాయల్ని
నడవని బండి పక్కన పేర్చుకుని
రెండు నెలలు కాపలా కాశాం.
మొన్నటి వానకి ఒకదానికి మొలకొచ్చింది.
నాగరత్నం గారిదేనంటాడు ఇస్రాయేలు,
గుర్తేమీ లేదు, అయినా.
తీసుకెళ్ళి ఎర్ర బకెట్లో పాతాడు,
మంట మీద చల్లడానికుంచిన ఇసకలో.
నేనేమీ అనలేదు.

ఇప్పుడు డ్యూటీ మారేటప్పుడల్లా
తాళాలతో పాటు ఒకరికొకరం చెప్పుకుంటున్నాం,
ఫోను మోగితే
ముందు ఆ మొలకని తీసి పక్కన పెట్టాలని.