తలుపు బాకీ

దాండె లోయలో ఈ ఏడు
మొక్కజొన్న మోకాలెత్తులోనే ఆగిపోయింది.
మైదేయి చేను నడుమ మాత్రం
ఇంటికంటే ఎత్తున చెదపుట్ట.
నాగలి ఎప్పుడూ దాన్ని చుట్టే పోతుంది.

చెదలంటే ఆమెకు ప్రేమేం లేదు.
తలుపు తినేశాయి. గాదె కాళ్లు తినేశాయి.
పోయిన మొగుడి పింఛను కాగితం తిని
ముద్ర ఒక్కటీ వదిలేశాయి.
"మీ నోట్లో మన్ను పడ!" అంటూనే
గుప్పెడు గుమ్మడి గింజలతో పుట్ట ఎక్కుతుంది.

మన్ను పడనే పడింది.
నోటినిండా అదే,
అడుగు బంకమన్ను, తడి ఆరకుండా,
రాత్రీ పగలూ పైకి.

అందుకే చింత అక్కడే మొలిచింది.
చింత నీడకు మేకలు,
మేకల పెంటికల్లో
ఎవరూ నాటని రేగు.

విమానంలోంచి చూసినవాళ్లు చెప్పారట:
ఎండిన నేల మీద పచ్చచుక్కలు,
ఎవరో ముగ్గుకి చుక్కలు పెట్టి
గీతలు మరిచిపోయినట్టు.
మైదేయి విమానం ఎక్కలేదు.
ఆమెకు తెలిసిన చుక్క ఒకటే.

మార్చిలో గుమ్మడికాయని
వేలితో తట్టి చూసింది.
పండింది.
చంకనెత్తుకుని దిగుతూ
పుట్టతో అంది:
"ఇంతటితో తీరిందనుకోకండి.
తలుపు బాకీ అలాగే ఉంది."